యూలిమిట్ -వి 4 జీబీ, నిజంగా వాడేది 900 ఎంబీ. అయినా కొత్త థ్రెడ్ పుట్టడం లేదు, ఎందుకు?

గొలుసుకట్టు అడిగిన ప్రశ్న

లినక్స్, 64-బిట్, 16 కోర్లు, 32 జీబీ ర్యామ్, కెర్నల్ 6 సిరీస్, జీలిబ్‌సీ (సీ లైబ్రరీ). సీ++ సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి ఉంది. 1.5 జీబీ ఇండెక్స్ ఫైలును ఎమ్‌మ్యాప్‌తో (ఫైలును నేరుగా అడ్రస్ స్పేస్‌లోకి అతికించే కాల్) రీడ్-ఓన్లీగా తెరుస్తుంది, 32 వర్కర్ థ్రెడ్లతో పనిచేస్తుంది. అది మెషిన్ మొత్తాన్ని మింగేయకుండా స్టార్ట్ స్క్రిప్టులో రెండు లైన్లు ఉన్నాయి (యూలిమిట్ అంటే ప్రాసెస్ వాడే వనరులకు హద్దు పెట్టే షెల్ కమాండ్):

యూలిమిట్ -వి 4194304
యూలిమిట్ -ఎమ్ 2097152

అంటే అడ్రస్ స్పేస్‌కు (ప్రోగ్రామ్ రిజర్వు చేసుకునే మెమరీ చిరునామాలకు) 4 జీబీ, ఆర్‌ఎస్‌ఎస్‌కు (నిజంగా ర్యామ్‌లో ఉన్న భాగానికి) 2 జీబీ అన్నమాట. సమస్యలు మూడు.

ఒకటి, వర్కర్లను 48కి పెంచితే 40 దాటాక ఎక్కడో ఒకచోట పీథ్రెడ్_క్రియేట్ (కొత్త థ్రెడ్‌ను పుట్టించే కాల్) ఈఎగైన్ ఎర్రర్ ఇస్తోంది. ప్రతిసారీ అదే సంఖ్య దగ్గర కాదు. యూలిమిట్ -యూ (యూజర్ థ్రెడ్ల సంఖ్యకు హద్దు) లక్ష పైనే ఉంది, ఆ యూజర్ కింద 200 థ్రెడ్లు కూడా లేవు. ఫ్రీ కమాండ్ 20 జీబీ ఖాళీ చూపిస్తోంది.

రెండు, ఇంకో పెద్ద డేటాతో నడిపితే ఆర్‌ఎస్‌ఎస్ 2.6 జీబీ వరకు వెళ్ళింది. -ఎమ్ లిమిట్ దాన్ని ఆపనే లేదు.

మూడు, ఇవే విలువలు లిమిట్స్.కాన్ఫ్‌లో రాసి సిస్టమ్‌డి (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీసుగా నడిపితే అసలు ఏ లిమిటూ పడట్లేదు.

32 థ్రెడ్లప్పుడు ప్రాక్‌లో (కెర్నల్ ప్రాసెస్ వివరాలు చూపే డైరెక్టరీ) స్టేటస్ ఫైలు ఇలా ఉంది: వీఎమ్‌సైజ్ (మొత్తం అడ్రస్ స్పేస్) 40,85,000 కేబీ, వీఎమ్‌ఆర్‌ఎస్‌ఎస్ 9,20,000 కేబీ చుట్టుపక్కల. ఈ రెంటికీ ఇంత తేడా ఎందుకు? నిజంగా వాడే మెమరీని 2 జీబీ దగ్గర ఆపాలంటే ఏ లిమిట్ పెట్టాలి?

---

పేజీఫాల్ట్ సమాధానం

మీ మొదటి సమస్యకు జవాబు మీరిచ్చిన వీఎమ్‌సైజ్‌లోనే ఉంది. -వి కొలిచేది మీరు వాడిన మెమరీని కాదు, కెర్నల్ దగ్గర రిజర్వు చేసుకున్న అడ్రస్ స్పేస్‌ని. ఒక్క పేజీ (కెర్నల్ మెమరీని పంచే ముక్క) కూడా తాకకుండా 1 జీబీ ఎమ్‌మ్యాప్ చేసినా ఆ 1 జీబీ మొత్తం లెక్కలోకి వస్తుంది. ఆర్‌ఎస్‌ఎస్ మాత్రం పేజ్ ఫాల్ట్ (ఇంకా ర్యామ్‌లో లేని పేజీని తాకడం) పడి నిజంగా ర్యామ్‌లోకి వచ్చిన 4 కేబీ పేజీల లెక్క.

మీ 32 థ్రెడ్ల కేసు లెక్కేద్దాం.

థ్రెడ్ స్టాక్‌లు: యూలిమిట్ -ఎస్ డీఫాల్ట్ 8 ఎంబీ. జీలిబ్‌సీ ప్రతి థ్రెడ్‌కూ అదే సైజు తీసుకుంటుంది. 32 × 8 = 256 ఎంబీ. వీటిలో నిజంగా తాకేది థ్రెడ్‌కు కొన్ని పదుల కేబీలే అయివుంటుంది.

మాలాక్ (ప్రోగ్రామ్ మెమరీ అడిగే ఫంక్షన్) అరీనాలు, అంటే అది మెమరీని పంచే కొలనులు: అసలు భారం ఇక్కడే. లాక్ పోటీ తగ్గించడానికి జీలిబ్‌సీ ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో అరీనా ఇస్తూ పోతుంది. 64-బిట్‌లో గరిష్ఠం కోర్ల సంఖ్యకు 8 రెట్లు, అంటే మీ మెషిన్‌లో 128. ఒక్కో అరీనా మొదట్లోనే 64 ఎంబీ అడ్రస్ స్పేస్ పట్టుకుంటుంది. 32 × 64 = 2048 ఎంబీ.

ఇండెక్స్ ఫైలు: 1536 ఎంబీ. రీడ్-ఓన్లీ అయినా, ఫైలు నుంచి వచ్చినదైనా -వి లెక్కలో మినహాయింపు లేదు.

మొత్తం 3840 ఎంబీ. దీనికి మెయిన్ హీప్, లైబ్రరీలు కలిస్తే మీరు చూసిన 40,85,000 కేబీ వచ్చేస్తుంది. లిమిట్‌కు మిగిలింది సుమారు 107 ఎంబీ.

పీమ్యాప్ -ఎక్స్ కొట్టి చూడండి, అరీనాలు ఇట్టే కనబడతాయి. 132 కేబీ రీడ్-రైట్ లైను, దాని కిందనే ఏ పర్మిషనూ లేని 65404 కేబీ లైను. రెండూ కలిపితే సరిగ్గా 65536 కేబీ. అలాంటి జంటలు మీ ప్రోగ్రామ్‌లో ముప్పై దాకా ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న అరీనాలో మొదటి లైను పెరిగి రెండోది ఆ మేరకు తగ్గి ఉంటుంది, మొత్తం మాత్రం మారదు.

ఇక ప్రతిసారీ ఒకే సంఖ్య దగ్గర ఎందుకు ఆగట్లేదంటే, మిగిలిన ఆ కాస్త చోటు కోసం కొత్త థ్రెడ్ స్టాక్‌లూ కొత్త అరీనాలూ పోటీ పడుతున్నాయి. అరీనాకు చోటు దొరక్కపోతే జీలిబ్‌సీ నోరు మెదపదు, ఆ థ్రెడ్‌ను పాత అరీనాలోకే పంపేస్తుంది. స్టాక్‌కు చోటు దొరక్కపోతే మాత్రం థ్రెడ్ పుట్టదు. కెర్నల్ ఇచ్చేది ఈనోమెమ్ (మెమరీ లేదు), కానీ పీథ్రెడ్_క్రియేట్ దాన్ని ఈఎగైన్‌గా మార్చి చేతికిస్తుంది. అందుకే అందరూ ముందు యూలిమిట్ -యూ మీద పడతారు. ఎస్‌ట్రేస్‌ను (కెర్నల్ కాల్స్‌ను చూపే కమాండ్) -ఎఫ్ తో పెట్టి చూస్తే, థ్రెడ్‌ను పుట్టించే క్లోన్ కాల్ దాకా వెళ్ళకుండా దానికి ముందున్న ఎమ్‌మ్యాప్‌లోనే ఈనోమెమ్ కనిపిస్తుంది. క్లోనే ఈఎగైన్ ఇస్తే అప్పుడు ఎన్‌ప్రాక్‌నో (యూలిమిట్ -యూ పెట్టేది), సీగ్రూప్‌లోని (ప్రాసెస్‌ల గుంపుకు హద్దులు పెట్టే కెర్నల్ సదుపాయం) పిడ్స్.మ్యాక్స్‌నో అనుమానించాలి.

-వి ఉంచుకునే నడపాలంటే రెండు మార్గాలున్నాయి. మాలాక్_అరీనా_మ్యాక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 4 చేయండి. మెయిన్ అరీనా కూడా ఆ నాలుగులో ఒకటి కాబట్టి 2048 ఎంబీ కాస్తా 192కి దిగుతుంది. థ్రెడ్లన్నీ తెగ మాలాక్ చేస్తుంటే లాక్ పోటీ పెరుగుతుంది, కొలిచి చూసుకోవాలి. రెండోది, వర్కర్ల స్టాక్ సైజును పీథ్రెడ్ యాట్రిబ్యూట్‌తో 1 ఎంబీ చేయడం. లోతైన రికర్షన్ గానీ, స్టాక్ మీద పెద్ద అర్రేలు గానీ ఉంటే ఇది సెగ్‌ఫాల్ట్‌కు దారి.

ఒక చిత్రం: యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్ పెడితే థ్రెడ్ స్టాక్ పెరగదు, ఎక్స్86-64లో 2 ఎంబీకి తగ్గుతుంది. జీలిబ్‌సీకి అనంతమైన స్టాక్ కేటాయించడం కుదరదు కాబట్టి తన సొంత డీఫాల్ట్ వాడుతుంది.

---

శూన్యసూచిక సమాధానం

రెండో, మూడో ప్రశ్నలకు.

యూలిమిట్ -ఎమ్ ఇప్పటి లినక్స్‌లో ఉత్తి అలంకారం. 2.4 సిరీస్‌లో 2.4.30కి ముందు వరకు ఎమ్‌అడ్వైజ్ అనే కాల్‌లోని ఒక్క సందర్భంలో దానికి కాస్త అర్థం ఉండేది. ఆ తర్వాత లేదు. షెల్ విలువను తీసుకుంటుంది, ప్రాక్‌లోని లిమిట్స్ ఫైలులో కూడా చూపిస్తుంది, కెర్నల్ దాన్ని అమలు చేయదు. కనీసం ఎర్రర్ ఇచ్చినా బాగుండేది.

ఆర్‌ఎస్‌ఎస్‌కు ప్రాసెస్ స్థాయిలో లిమిట్ పెట్టడం ఎందుకు తిరకాసో చూడండి. ఒకే లైబ్రరీ పేజీని 50 ప్రాసెస్‌లు పంచుకుంటే 50 ఆర్‌ఎస్‌ఎస్‌లలోనూ అది ఉంటుంది. ఆ పేజీ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలి? పైగా ఫైలు పేజీని కెర్నల్ ఎప్పుడైనా వదిలేసి మళ్ళీ డిస్క్ నుంచి తెచ్చుకోగలదు. దాన్ని మాలాక్ పేజీతో సమానంగా చూడటం తప్పు. సీగ్రూప్ ఈ చిక్కును వేరేలా తీర్చింది: పేజీని ఏ సీగ్రూప్‌లోని ప్రాసెస్ మొదట తాకిందో దాని ఖాతాలోనే, ఒక్కసారే. మీకు కావాల్సింది ఇదే.

ముందు సీగ్రూప్ వెర్షన్ 2 ఉందో లేదో చూసుకోండి. స్టాట్ -ఎఫ్‌సీ %టి (టి పెద్దక్షరం) ని సిస్ కింది ఎఫ్‌ఎస్/సీగ్రూప్ మీద నడిపితే సీగ్రూప్2ఎఫ్‌ఎస్ అని రావాలి. తర్వాత చేత్తో పరీక్షించడానికి:

సిస్టమ్‌డి-రన్ --యూజర్ --స్కోప్ -పి మెమరీమ్యాక్స్=2జి -పి మెమరీస్వాప్‌మ్యాక్స్=0, ఆ వెనక మీ ప్రోగ్రామ్.

సర్వీసు ఫైలులో అయితే సర్వీస్ సెక్షన్ కింద ఇవే రెండు లైన్లు, వీటికి తోడు మెమరీహై=1800ఎమ్. హై, మ్యాక్స్ ఒకటి కావు. హై దాటితే కెర్నల్ ఆ గ్రూపులోని ప్రాసెస్‌లను నెమ్మది చేసి పేజీలు వెనక్కి లాక్కుంటుంది, చంపదు. మ్యాక్స్‌ను తాకి, వెనక్కి లాక్కోవడానికి ఏమీ మిగలకపోతే ఆ గ్రూపు వరకు ఊమ్ కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం) వస్తుంది. స్వాప్‌మ్యాక్స్ సున్నా పెట్టకపోతే, స్వాప్ (ర్యామ్‌కు తోడుగా డిస్క్ మీద కేటాయించిన చోటు) ఉన్న మెషిన్‌లో ప్రోగ్రామ్ 2 జీబీ దాటినట్టు మీకు తెలియనే తెలియదు, స్వాప్‌లోకి జారి ఈడుస్తూ నడుస్తుంది.

ఊమ్ కిల్ జరిగితే ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది, 128 ప్లస్ సిగ్‌కిల్ 9. అయితే 137 చూడగానే ఊమ్ అనుకోకండి, ఎవరైనా కిల్ -9 కొట్టినా అదే వస్తుంది. సీగ్రూప్ డైరెక్టరీలో మెమరీ.ఈవెంట్స్ ఫైలు తెరిచి ఊమ్_కిల్ లైను పెరిగిందా చూడండి. అక్కడే హై, మ్యాక్స్ కౌంటర్లు కూడా ఉంటాయి. మ్యాక్స్ పెరుగుతూ ఊమ్_కిల్ సున్నాగా ఉంటే లిమిట్ దగ్గర గింజుకుంటోందని అర్థం.

ఒక హెచ్చరిక. మీ ఇండెక్స్ ఫైలు పేజీలు కూడా ఈ 2 జీబీలోకే వస్తాయి. మెమరీ.కరెంట్ ఎప్పుడు చూసినా 1.8 జీబీ దగ్గరే ఉంటే లీక్ అని కంగారు పడొద్దు. ఖాళీ ఉన్నంత మేరా పేజ్ కాష్ నిండుతుంది, మాలాక్‌కు అవసరం పడ్డప్పుడు ఆ శుభ్రమైన పేజీలు పోతాయి. మెమరీ.స్టాట్‌లో ఆనాన్ (ఏ ఫైలుకూ చెందని, ప్రోగ్రామ్ సొంత మెమరీ), ఫైల్ లైన్లను విడివిడిగా గమనించండి. ఆనాన్ ఆగకుండా పెరిగితేనే లీక్. కానీ ఇండెక్స్‌లో తరచుగా తాకే భాగం లిమిట్‌లో పట్టకపోతే అవే పేజీలు పోతూ వస్తూ డిస్క్ చదువుడు పెరుగుతుంది. మెమరీ.ప్రెషర్ ఫైలులో సమ్ (కొన్ని పనులు ఆగిన సమయం), ఫుల్ (అన్నీ ఆగిన సమయం) అంకెలు ఆ బాధను చూపిస్తాయి.

ఇంకోటి: ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్ నంబరును సీగ్రూప్.ప్రాక్స్‌లో రాసి కొత్త గ్రూపులోకి తరలిస్తే, అంతకు ముందు అది తీసుకున్న పేజీలు పాత గ్రూపు ఖాతాలోనే ఉండిపోతాయి. లిమిట్‌లో పెట్టాకే ప్రోగ్రామ్ మొదలవ్వాలి.

మూడో సమస్య: లిమిట్స్.కాన్ఫ్‌ను చదివేది పామ్_లిమిట్స్ మాడ్యూల్, అదీ లాగిన్ సెషన్ మొదలైనప్పుడు. సిస్టమ్ సర్వీసు ఆ దారిలో రాదు. యూనిట్ ఫైలులో లిమిట్‌ఏఎస్=, లిమిట్‌నోఫైల్= లాంటివి రాయాలి. నిజంగా పడిందా లేదా అన్నది స్క్రిప్టును నమ్మకుండా, నడుస్తున్న ప్రాసెస్ ప్రాక్ డైరెక్టరీలో లిమిట్స్ ఫైలు చూసి తేల్చుకోండి.

---

బిట్టుబిట్టు సమాధానం

సీగ్రూప్ మంచిదే, కానీ అది నేరుగా సిగ్‌కిల్ పంపుతుంది. ప్రోగ్రామ్‌కు సర్దుకునే అవకాశం ఉండదు, ఫైలు సగం రాసి ఉంటే సగమే. మాలాక్ శూన్యం తిరిగిచ్చి, లేదా సీ++లో బ్యాడ్_అలాక్ విసిరి, ఆ ఒక్క రిక్వెస్టును తిరస్కరించి ముందుకెళ్ళాలనుకుంటే ఆర్‌లిమిట్ (యూలిమిట్ పెట్టే హద్దు) కావాల్సిందే. దానికి -వి బదులు -డి (డేటా లిమిట్, ఆర్‌లిమిట్_డేటా) వాడండి.

కెర్నల్ 4.7కు ముందు ఆర్‌లిమిట్_డేటా బీఆర్‌కే కాల్‌తో పెరిగే హీప్‌ను మాత్రమే ఆపేది, అందుకే దానికి పనికిరానిదన్న పేరు మిగిలిపోయింది. 4.7 నుంచి ప్రైవేట్, రాయదగిన ఎమ్‌మ్యాప్‌లు కూడా దాని కిందికే వచ్చాయి. గొలుసుకట్టు గారి కేసులో ఇండెక్స్ ఫైలు రీడ్-ఓన్లీ, అది లెక్కలో లేదు. అరీనాల్లో పర్మిషన్ లేని ఆ 65404 కేబీ భాగాలు కూడా లేవు. అరీనా పెరిగి ఎమ్‌ప్రొటెక్ట్‌తో రీడ్-రైట్‌గా మారినప్పుడే ఆ మేరకు లెక్కకెక్కుతాయి. ఉండేది నిజమైన హీప్, దానికి తోడు థ్రెడ్ స్టాక్‌లు. స్టాక్‌లు మాత్రం తాకకపోయినా మొత్తం 8 ఎంబీ చొప్పున పడతాయి: 48 థ్రెడ్లకు 384 ఎంబీ. కాబట్టి హీప్‌కు 1.2 జీబీ ఇవ్వాలనుకుంటే -డి విలువ 1.6 జీబీ దగ్గర పెట్టండి. స్టేటస్ ఫైలులో వీఎమ్‌డేటా లైను దీనికి దగ్గరి కొలత.

నడుస్తున్న దానికి మార్చాలంటే పీఆర్‌లిమిట్ కమాండ్ ఉంది. యూలిమిట్ -డి, -వి కేబీల్లో, పీఆర్‌లిమిట్ బైట్లలో. యూలిమిట్‌లో రాసిన 4194304 అంకెను యథాతథంగా పీఆర్‌లిమిట్ --ఏఎస్‌కు ఇస్తే 4 జీబీ కాదు, 4 ఎంబీ పడుతుంది. అలా పడినా ప్రోగ్రామ్ వెంటనే చావదు. ఇప్పటికే ఉన్న మ్యాపింగ్‌ల జోలికి కెర్నల్ వెళ్ళదు, తర్వాతి ఎమ్‌మ్యాప్ నుంచి ఈనోమెమ్ మొదలవుతుంది. అందుకే అంకె మార్చిన గంట తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట పగులుతుంది.

బాష్‌లో -ఎస్ గానీ -హెచ్ గానీ పెద్దక్షరంలో ఇవ్వకుండా యూలిమిట్ పెడితే సాఫ్ట్ (అమల్లో ఉండే హద్దు), హార్డ్ (సాఫ్ట్‌ను పెంచుకోగల గరిష్ఠం) రెండూ దిగిపోతాయి. హార్డ్ దిగితే మామూలు యూజర్ దాన్ని మళ్ళీ పెంచలేడు. పరీక్షలకు పెద్ద -ఎస్ వేసి సాఫ్ట్ ఒక్కటే దించండి.

ఆర్‌లిమిట్ మెమరీ లెక్క ప్రాసెస్‌కు విడివిడిగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1.6 జీబీ లిమిట్‌తో పది మంది పిల్లల్ని (పిల్ల ప్రాసెస్‌లను) ఫోర్క్ చేస్తే ఒక్కొక్కరికీ 1.6 జీబీ. మొత్తాన్ని కట్టేసేది సీగ్రూప్ ఒక్కటే. నా మాట వింటే రెండూ పెట్టండి: మర్యాదగా విఫలమవడానికి -డి కాస్త కింద, చివరి గోడగా మెమరీమ్యాక్స్ కాస్త పైన.

జావా, గో రన్‌టైమ్‌లు, అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసిన బైనరీలు ఉంటే -వి జోలికే వెళ్ళకండి. ఇవి మొదట్లోనే భారీగా అడ్రస్ స్పేస్ రిజర్వు చేస్తాయి, శానిటైజర్ అయితే టెరాబైట్లలో. మెయిన్ ఫంక్షన్ దాకా కూడా రాకుండా ఆగిపోవచ్చు.

---

గొలుసుకట్టు

అరీనాలు 4 చేశాక 48 థ్రెడ్లూ పుట్టాయి, వీఎమ్‌సైజ్ 2.4 జీబీ దగ్గర ఆగింది. -వి తీసేసి మెమరీమ్యాక్స్ 2జి, స్వాప్ 0 పెట్టి పెద్ద డేటాతో నడిపితే మాత్రం ఊమ్ కిల్ పడింది. డీమెసేజ్ లైనులో టోటల్-వీఎమ్ 28 లక్షల కేబీ, ఆనాన్-ఆర్‌ఎస్‌ఎస్ 8 లక్షలు, ఫైల్-ఆర్‌ఎస్‌ఎస్ 30 వేలు, ష్మెమ్-ఆర్‌ఎస్‌ఎస్ 0. గ్రూపులో ఇదొక్కటే ప్రాసెస్. ఆర్‌ఎస్‌ఎస్ అంతా కలిపినా 830 ఎంబీ దాటట్లేదు. 2 జీబీ ఎలా నిండింది?

---

శూన్యసూచిక

ఆ లైనులో టోటల్-వీఎమ్‌ను వదిలేయండి, ఊమ్‌కు దానితో సంబంధం లేదు. ఫైల్-ఆర్‌ఎస్‌ఎస్ 30 వేలకు పడిపోయిందంటే కెర్నల్ ఇండెక్స్ పేజీలన్నీ అప్పటికే పిండేసింది. మిగిలిన 1.2 జీబీ ఏ ప్రాసెస్ పేజ్ టేబుల్‌లోనూ లేని మెమరీ. నా అనుమానం టీఎమ్‌పీఎఫ్‌ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్): ప్రోగ్రామ్ తాత్కాలిక ఫైళ్ళు డెవ్/ష్మ్‌లోనో, టీఎమ్‌పీఎఫ్‌ఎస్‌గా మౌంట్ అయిన టీఎమ్‌పీలోనో రాస్తోందా? రైట్ కాల్‌తో రాసిన టీఎమ్‌పీఎఫ్‌ఎస్ ఫైలు మ్యాప్ అవ్వదు కాబట్టి ష్మెమ్-ఆర్‌ఎస్‌ఎస్‌లో సున్నాయే. కానీ మొదట తాకిన సీగ్రూప్ ఖాతాలో మొత్తం పడుతుంది. స్వాప్ సున్నా కాబట్టి దాన్ని వెనక్కి లాక్కునే దారి కూడా లేదు. ప్రాసెస్ చచ్చినా ఫైలు ర్యామ్‌లోనే ఉంటుంది, ఎవరో చెరిపేదాకా.

చనిపోకముందే మెమరీ.స్టాట్‌లో ష్మెమ్ లైను చూడండి. డీమెసేజ్‌లో కిల్ లైనుకు కాస్త పైన కూడా ఆ గ్రూపు మెమరీ స్టాట్ మొత్తం ప్రింటయ్యి ఉంటుంది, అక్కడే దొరకొచ్చు. ష్మెమ్ చిన్నదైతే స్లాబ్, సాక్ లైన్లు చూడాలి: మొదటిది డెంట్రీ, ఐనోడ్ లాంటి కెర్నల్ ఆబ్జెక్టులు, రెండోది నెట్‌వర్క్ బఫర్లు.

---

గొలుసుకట్టు

ష్మెమ్ 1.15 జీబీ. సార్టింగ్ దశలో తాత్కాలిక ఫైళ్ళు డెవ్/ష్మ్‌లోకి వెళ్తున్నాయి. ఆ డైరెక్టరీని డిస్క్ మీదికి మార్చాను, మెమరీ.పీక్ 1.9 జీబీ, ఊమ్_కిల్ కొత్తగా పెరగలేదు.

---

పేజీఫాల్ట్

డిస్క్ మీదికి మార్చినా రాసిన పేజీలు డర్టీగా (ఇంకా డిస్క్‌కు చేరకుండా) ఉన్నంతసేపు ఇదే ఖాతాలో ఉంటాయి, రైట్‌బ్యాక్ అయ్యాకే వదులుతాయి. డిస్క్ నెమ్మదిదైతే సార్టింగ్ దశ మెమరీహై దగ్గర నత్తనడక నడుస్తుంది. ఫైల్_డర్టీ లైను గమనించండి.

ఎవరైనా ఇదే ఈనోమెమ్‌తో ఇక్కడికొచ్చి, లిమిట్‌లన్నీ అన్‌లిమిటెడ్ అని తేలితే ఇంకో రెండు చోట్లు చూడండి. వీఎమ్.మ్యాక్స్_మ్యాప్_కౌంట్ (ఒక ప్రాసెస్‌కు ఉండగల మ్యాపింగ్‌ల గరిష్ఠ సంఖ్య) కెర్నల్ డీఫాల్ట్ 65530. ప్రాసెస్ మ్యాప్స్ ఫైలులో లైన్లు లెక్కపెడితే దానికి దగ్గరగా ఉంటే, ర్యామ్ ఎంత ఖాళీ ఉన్నా ఎమ్‌మ్యాప్ విఫలమవుతుంది. రెండోది వీఎమ్.ఓవర్‌కమిట్_మెమరీ విలువ 2 (కెర్నల్ హామీ ఇచ్చే మొత్తం మెమరీకి కఠినమైన హద్దు) అయితే, మెమ్‌ఇన్ఫోలో కమిటెడ్_ఏఎస్ కమిట్‌లిమిట్‌ను చేరిందా అన్నది. ఓవర్‌కమిట్_రేషియో డీఫాల్ట్ 50, అంటే స్వాప్ లేని 32 జీబీ మెషిన్‌లో మొత్తం 16 జీబీ దగ్గరే గేటు పడుతుంది. పెద్ద ప్రాసెస్ ఫోర్క్ చేసినప్పుడు ఇది ముందుగా తగులుతుంది.